శిశుశకటము

భాగవతము దశమస్కంధమునందలి శకటభంజన కథను ఎరుగని తెలుగువారు అరుదు. శిశువైన కృష్ణుడు పక్కలో ఒరిగి తిరుగుట నేర్చెనని యశోద వేడుక చేయుచు, నిదురించుచున్న బిడ్డను ఇంటి సామగ్రి నిండిన యొక బండి క్రింద పరుండబెట్టి, వచ్చిన వారిని ఆదరించుటలో మునిగియుండెను. బిడ్డ ఆకలిగొని కాళ్ళు తన్నుకొని యేడ్చెను. బండి తలక్రిందులై సామానులన్నియు చెల్లాచెదరయ్యెను. దగ్గర ఆడుకొనుచున్న పిల్లలు బిడ్డ కాలు తగిలియే బండి కూలినదని చెప్పినను పెద్దలు నమ్మలేదు. భక్తులు ఇందు భగవంతుని లీలను చూతురు. సామాన్య గృహస్థునకు మరియొక సత్యము కూడ ఇందు కనిపించును. బిడ్డ నిన్న చేయలేని పనిని నేడు చేయును. ఆ సంగతి పెద్దలకు తెలియుటకు ముందే బండికి తెలియును.

ఇప్పుడు బండి మరల మన శిశువుల చెంతకు వచ్చినది. పూర్వము పెరాంబులేటరనియు, నేడు ప్రామ్ అనియు, స్ట్రోలర్ అనియు పిలువబడుచున్న పిల్లల బండి ఒకనాడు దొరల బంగళాల యెదుట మాత్రమే కనిపించెడిది. నేడు బారసాలకు వచ్చు కానుకలలో అదియు నొకటి. పురుటికి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళిన అమ్మమ్మలు అచ్చట మనుమని దానిలో తోసి, దాని సుఖమెరిగి, తిరిగి వచ్చి రెండవ కూతురికి కొనిపెట్టుచున్నారు. కొనుట తప్పుకాదు. కాని కొను పద్ధతిని చూచినచో కొంత విచారము కలుగుచున్నది. రంగు చూతురు, మడత చూతురు, పాలసీసా పెట్టుకొను అర చూతురు, పొరుగువారి బండికంటె ఇది ఘనముగా నున్నదా యని చూతురు. దానిలో పరుండవలసిన ప్రాణి సంగతి మాత్రము చివరకు వచ్చును.

అసలు ఈ బండి ఎవరి కొరకు పుట్టినదో కొంచెము విచారింతము. 1733లో ఇంగ్లండునందు విలియం కెంట్ అను శిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లల కొరకు ఒక చిన్న బండిని కల్పించెను. అది మేకయో పొట్టిగుర్రమో లాగదగినది. అనగా ప్రభువుల బిడ్డలకు వినోదము. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానము దిగు చక్రముల అమరికను రూపొందించినవాడు, మనుమరాలితో ప్రయాణము చేయు తన కుమార్తె బరువైన బండితో పడు పాట్లు చూచి, గొడుగువలె ముడుచుకొను అల్యూమినియపు బండిని నిర్మించెను. అది ఆరు పౌనుల బరువు మాత్రమే యుండెను. ఇది తల్లికి సౌకర్యము. ఇట్లు ప్రతి బండియు ఎవరో యొకరి యిబ్బందిని తీర్చుటకే పుట్టినది. కావున కొనువారు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ బండి ఎవరి యిబ్బందిని తీర్చును? మోయువారిదా, చూచువారిదా, పరుండువారిదా?

పరుండువారి పక్షమున మాటాడుటకు మనకు కొత్త శాస్త్రము అక్కరలేదు. మన యిండ్లలో పూర్వమునుండి ఒక పంచాంగము కలదు. బిడ్డకు తల నిలిచినదా యని పెద్దలు చూతురు. బోర్లపడిన బొబ్బట్లు పంచుదురు. ప్రాకినను, కూర్చుండినను, గడప దాటినను ఇంటింటి ఆచారమును బట్టి ఏదో యొక పిండివంట చేయుదురు. అడుగులు వేసిన అరిసెలు వండుదురు. ఇవి తీపి తినుటకు కల్పించుకొన్న నెపములు మాత్రమే కావు. శిశుదేహము ఎంతవరకు ఎదిగినదో ఇల్లంతయు గమనించి నమోదు చేసికొను విధానము. పిల్లల బండి ఎంపికకు ఇంతకంటె నమ్మదగిన కొలబద్ద లేదని నా అభిప్రాయము. అట్టపెట్టెపై అచ్చువేసిన వయస్సును బట్టి గాక, బిడ్డ నేడు చేయగల పనిని బట్టి బండిని నిర్ణయింపవలయును.

మొదటి మెట్టు, తల నిలువక ముందు. అప్పుడే పుట్టిన శిశువు దేహములో పొడవున నాలుగవ వంతు శిరస్సే. దానిని నిలుపు మెడకండరములు నాలుగవ నెల వచ్చువరకు సాధారణముగా గట్టిపడవు. అట్టి బిడ్డను వాలుకుర్చీలో కూర్చుండబెట్టినచో దేహము క్రిందికి జారి, గడ్డము రొమ్మునకు ఆని, ఊపిరితిత్తులకు గాలి పోవు సన్నని త్రోవ నొక్కుకొనిపోవును. బిడ్డ ఏడ్వదు, కదలదు. హాయిగా నిదురించుచున్నదని పెద్దలు మురియుదురు. భయపడవలసినది ఈ నిశ్శబ్దమునకే. కావున ఈ మెట్టున బిడ్డకు కావలసినది కుర్చీ కాదు, తొట్టె. వెల్లకిల సమతలముగా పరుండబెట్టుటకు వీలైన తొట్టెను చక్రములపై అమర్చిన బండియే పసికందునకు తగినది. ఐరోపా దేశములవారి ప్రమాణము ప్రకారము, ఆసనమునకును వెన్నుపలకకును నడుమ కోణము 150 డిగ్రీలకు తక్కువైన బండి ఆరు నెలలలోపు శిశువులకు పనికిరాదు. మోటారుకారులో కట్టు శిశువుల ఆసనమును పెరికి తెచ్చి చక్రములపై తగిలించు బండ్లు నేడు విరివిగా అమ్ముడగుచున్నవి. కారులో ప్రాణరక్షణకు ఆ ఆసనము తప్పనిసరి. కాని కారు దిగిన పిదప గంటలకొలది నిదురించుటకు అది పక్క కాదు.

తొట్టెలో పరుపు గట్టిగా, చదునుగా, అంచులకు సరిపోవునట్లు ఉండవలయును. పరుపునకును అంచునకును నడుమ సందున్నచో బిడ్డ ముఖము అందు చిక్కుకొనును. తల గుండ్రముగా రావలెనని మన వారు పెట్టు ఆవాల దిండును, చుట్టును పేర్చు మెత్తని బొత్తలను, నీలిబొచ్చు బొమ్మలను బండిలోనికి రానీయరాదు. ఊపిరి ఆడవలసినచోట మెత్తదనము శత్రువు. సుఖమనగా మెత్తదనమే యని తలచుట పెద్దల పొరపాటు. పసిబిడ్డకు సుఖమనగా చదునైన వెన్ను, తెరపియైన గాలి, తడిలేని గుడ్డ.

రెండవ మెట్టు, బోర్లపడిన పిదప. బొబ్బట్లు వండిన నాడే తొట్టెకు సెలవు చెప్పుటకు సిద్ధపడవలయును. బోర్లపడి, చేతులపై లేచి చూచు బిడ్డకు తొట్టె అంచు గోడ కాదు, నిచ్చెన. ఈ దశనుండి పట్టీల ప్రాముఖ్యము పెరుగును. నడుమునకు చుట్టు ఒక్క పట్టీ చాలదు. భుజములకు రెండు, నడుమునకు రెండు, తొడల నడుమ ఒకటి, ఇట్లు అయిదు పట్టీలు ఒకచోట కలియు అమరిక మేలు. అమెరికాలో 1990 నుండి 2010 వరకు గడచిన కాలములో పిల్లల బండ్ల వలనను, శిశువులను మోయు ఇతర సాధనముల వలనను గాయపడి అత్యవసర చికిత్సకు వచ్చిన అయిదేండ్ల లోపు పిల్లలు సుమారు 3,60,000 మంది. బండ్ల విషయమున గాయములలో అధికభాగము బిడ్డ జారిపడుట వలన కలిగినవే; తరువాతి స్థానము బండి తలక్రిందులగుటది. రెండును పట్టీతోను, కొంచెము మెలకువతోను చాలవరకు తప్పింపదగినవే. కూరగాయల సంచిని చేతిపిడికి తగిలించుట మనకు అలవాటు. బిడ్డ తేలిక, సంచి బరువు. బండి వెనుకకు తిరగబడుటకు ఇంకేమి కావలయును?

తరువాత బ్రేకు సంగతి. ఐజెన్‌స్టయిన్ 1925లో తీసిన ‘బాటిల్‌షిప్ పొటెమ్కిన్’ చలనచిత్రములో ఒడెస్సా నగరపు మెట్లపై ఒక పిల్లల బండి దొర్లిపోవు దృశ్యమును చూచినవారు మరువలేరు. 2009 అక్టోబరులో ఆస్ట్రేలియానందలి మెల్‌బోర్న్ నగరమున ఆష్‌బర్టన్ స్టేషనులో అట్టిదే నిజముగా జరిగినది. తల్లి చేయి క్షణకాలము విడువగా బండి ప్లాట్‌ఫారము వాలున జారి, వచ్చుచున్న రైలు ముందు పడినది. ఆరు నెలల శిశువు చిన్న గాయముతో బ్రతికి బయటపడుట అద్భుతమే. కంటికి చదునుగా కనిపించు నేల చక్రమునకు చదును కాదు. బ్రేకు వెనుక చక్రములు రెండింటిని ఒక్కమారు పట్టవలయును. కాలితో సులువుగా వేయుటకును తీయుటకును రావలయును. వేసినదో లేదో చూడగానే తెలియవలయును. చేతిపిడినుండి మణికట్టునకు చుట్టుకొను పట్టీ యున్నచో మరియు మేలు.

దుకాణములో వీటిని పరీక్షించుట కష్టము కాదు. పసిబిడ్డ బరువు సుమారు మూడు కిలోలు. అంత బరువుగల బియ్యపు సంచిని తొట్టెలోనుంచి, దుకాణపు వాకిట వాలుగా నున్నచోట బండిని నిలిపి, బ్రేకు వేసి, చేయి తీసి చూడవచ్చును. పిడిని క్రిందికి నొక్కి, ఎంత బరువునకు ముందుచక్రము లేచునో చూడవచ్చును. బండిని స్వయముగా మడచి విప్పి, మడత కీలు ఎచ్చట నున్నదో కనుగొనవచ్చును. ఈ కీలు చిన్న విషయము కాదు. ముందు చెప్పిన మెక్లారెన్ పేరనే వెలసిన సంస్థ 2009 నవంబరులో అమెరికాలో సుమారు పది లక్షల బండ్ల కీళ్ళకు తొడుగులు ఇయ్యవలసి వచ్చినది. మడత కీలులో పడి 12 మంది పిల్లల వ్రేళ్ళ కొనలు తెగినట్లు ఫిర్యాదులు అందినవి. తల్లి సౌకర్యమునకు పుట్టిన మడత బిడ్డ వ్రేలికి కత్తెర అయినది. బండిని మడచునపుడును విప్పునపుడును పిల్లలు చేరువలో ఉండరాదను నియమమును ఇంటిల్లిపాదియు పాటింపవలయును. చుట్టములవద్ద వాడిన బండిని తెచ్చుకొనుటలో చిన్నతనము లేదు. పూర్వము తాతలనాటి తొట్టెలోనే మనుమలు ఊగినారు. అయితే మర ఊడినచోట తీగ చుట్టిన బండిని, తెగిన పట్టీకి ముడివేసిన బండిని మాత్రము స్వీకరింపరాదు.

బిడ్డ ముఖము ఎటు ఉండవలయునను ప్రశ్న కొందరికి అల్పముగా తోచవచ్చును. 1889లో బాల్టిమోరు నివాసి విలియం రిచర్డ్‌సన్ తొట్టెను రెండు వైపులకు త్రిప్పదగిన బండికి పేటెంటు పొందెను. బిడ్డ లోకమును చూడవచ్చును, లేదా తల్లిని చూడవచ్చును. స్కాట్లండునందలి డండీ విశ్వవిద్యాలయమున సుజాన్ జీడిక్ 2008లో ప్రకటించిన పరిశోధనలో, బిడ్డ ముఖము తమవైపున్నప్పుడు తలిదండ్రులు బిడ్డతో మాటాడుట రెండు రెట్లకు పైగా ఎక్కువని తేలినది. చంకబిడ్డతో దారిపొడవునా కబుర్లు చెప్పుచు నడచిన మన అమ్మమ్మలకు ఈ ఫలితము వింతగా తోచదు. పసికందు కన్ను జానెడు మూరెడు దూరమునకు మించి స్పష్టముగా చూడలేదు. వానికి లోకమనగా తల్లి ముఖమే. ఆ ముఖమును దాచి వానికి వీథిని చూపు బండి వానికి ఏమియు చూపదు. అంతేకాక, బిడ్డ వాంతి చేసికొన్నను, గడ్డము వాలినను ఎదుటనున్న కన్నులకే వెంటనే తెలియును.

ఇక మన ఎండలు. చలిదేశములలో పుట్టిన బండి మన దేశమునకు తన దుప్పటితో సహా వచ్చినది. డెన్మార్కు, ఫిన్లండు దేశములలో శీతకాలమున సైతము శిశువులను బండిలో ఆరుబయట నిదురపుచ్చుదురు. రెంటచింతల, రామగుండముల ఎండలలో ఆ పోలిక చెల్లదు. ఎండ తగులకుండ బండి మూతిపై పలుచని గుడ్డ కప్పుట ఎల్లరు చేయునదే. కాని అది గాలిని బంధించి తొట్టెను పొయ్యిగా మార్చును. 2023లో సిడ్నీ విశ్వవిద్యాలయమువారు పరీక్షింపగా పొడి మస్లిన్ గుడ్డ కప్పిన బండిలో వేడి రెండు డిగ్రీలకు పైగా పెరిగినది; గుడ్డను తడిపి చిన్న పంకా అమర్చినపుడు నాలుగు డిగ్రీలకు పైగా తగ్గినది. వట్టివేళ్ళ తడికెలపై నీరు చల్లిన ఇంట పెరిగినవారికి ఈ రహస్యము తెలిసినదే. అయితే ఉక్కపోసెడు సముద్రతీరమున తడిగుడ్డ అంతగా చల్లబరుపజాలదు. కావున మన బండికి గాలియాడు పైకప్పు ఉండవలయును. మన యాత్ర ఉదయముననో సాయంకాలముననో సాగవలయును.

ఇంత చెప్పిన పిదప, ‘ఈ బండి యెందుకు? చంక యున్నది, ఒడి యున్నది, జోలె యున్నది. అన్యదేశపు ఆడంబరము మనకేల?’ యని పెద్దలు అడుగవచ్చును. వారి మాటలో ప్రేమ యున్నది. కాని ఎవరి చంకయో వారు చెప్పరు. శస్త్రచికిత్సతో ప్రసవించిన తల్లి, మోకాళ్ళు నొచ్చు అమ్మమ్మ, కవలలను కన్న ఇల్లాలు, ఒక చేయి స్వాధీనములో లేని తండ్రి — వీరికి బండి ఆడంబరము కాదు, ఆలంబనము. బిడ్డను ఎత్తుకొని నడువలేనందున నెలల తరబడి గడప దాటని బాలింతకు సాయంకాలపు గాలిని ఇచ్చునది బండియే. అయినను పెద్దల శంకలో సత్యాంశము లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనలలో, శిశువును బండిలోగాని, కుర్చీలోగాని, వీపునగాని ఒక్క విడతకు గంటకు మించి కదలకుండ బంధించి యుంచరాదని చెప్పినది. వీపునకు కట్టుకొన్నను గంటయే యను మాట గమనింపదగినది. బండి ఒడికి బదులు కాదు. ఒక ఒడినుండి మరియొక ఒడికి చేర్చు వాహనము.

ఇంతవరకు చెప్పినదంతయు ఇంటివారి చేతిలోని పని. ఇక మిగిలిన సగము వారి చేతిలో లేదు. ఎంత వెల పోసి ఎంత మేలైన బండి కొన్నను దానిని తోయుటకు త్రోవ యేది? మన పట్టణములలో కాలిబాట ఒకచోట మొదలై పది అడుగులలో అంతమగును. మిగిలినచోట మోటారుసైకిళ్ళు, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ, మూతలేని కాలువ, మోకాలెత్తు గట్టు. తల్లి బండిని రోడ్డుమీదికి దింపక తప్పదు. అచ్చట మరియొక ప్రమాదము. సర్రే విశ్వవిద్యాలయమునందలి ప్రశాంత్ కుమార్ బృందము 2018లో తేల్చినదేమనగా, బండిలోని శిశువు ముఖము నేలకు మీటరు లోపల, అనగా వాహనముల పొగగొట్టముల ఎత్తులో నుండుటచే, పెద్దలకంటె 60 శాతము వరకు ఎక్కువ కాలుష్యమును పీల్చవచ్చును. కాబట్టి కొనునపుడు తొట్టె ఎత్తుగా నున్న బండిని, గుంతలో దిగబడని పెద్ద చక్రముల బండిని కోరుట వివేకము. ఇంటి గుమ్మము వెడల్పును, లిఫ్టు వెడల్పును కొలిచి మరీ కొనవలయును. కాని వీథి లోపమునకు చక్రము ఎంతవరకు మందగును?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో వెలువరించిన సూత్రములు కాలిబాటకు అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటర్లు ఉండవలెనని విధించినవి. అడ్డులేని కాలిబాట పౌరుని జీవించు హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు ప్రకటించినది. కొలత యున్నది, హక్కు ఉన్నది, బాట లేదు. పురపాలకులు తమ వీథుల నాణ్యమును కొలువదలచినచో యంత్రములు అక్కరలేదు. ఒక పిల్లల బండిలో నిండు నీళ్ళ చెంబు నుంచి, ఇంటినుండి టీకాలు వేయు ఆరోగ్యకేంద్రము వరకు, నీరు తొణకకుండ, బండిని ఎత్తకుండ తోసికొని పోయి చూచిన చాలును. ఆ బాటలో చక్రములకుర్చీ నడచును, ఊతకర్ర నడచును, బడిపిల్ల నడచును. చెంబులోని నీరు తొణకని ఊరు పుట్టినవారికే కాదు, ముదిసినవారికిని నివాసయోగ్యము.

అందాక బండి కొను తలిదండ్రులు వెలచీటిని గాక బిడ్డ మెడను చూతురు గాక. బోర్లపడిన నాడు బొబ్బట్లతోపాటు పట్టీలను సరిచూతురు గాక. ఎల్లప్పుడు బిడ్డ ముఖము తమవైపు, తమ చేయి పిడిమీద, కాలు బ్రేకుమీద నుంచుకొందురు గాక.